ఐదు గొంతుకల పాట

మొన్నటి వేసవిలో అనంతపురము పాతవూరిలో నొక సందు మలుపున పాతసామానుల బండి నిలిచియుండగా, దానిపై విరిగిన ప్లాస్టికు కుర్చీలకును తుప్పుపట్టిన కూలరు రేకులకును నడుమ బోర్లింపబడియున్న డబ్బా టీవీలు రెండు మూడు నా కంటబడినవి. పిక్చరు ట్యూబు గల టెలివిజనులు మన ముందరి గదుల నుండి వెడలిపోయి చాలకాలమైనను, అటకల మీదను మంచముల క్రిందను మిగిలియుండినవి సైతము ఇప్పుడు తూకమునకు పోవుచున్నవని గ్రహించినప్పుడు నాకు తోచిన మొదటి ఆలోచన వార్తలను గూర్చి గాని ఆదివారపు సినిమాలను గూర్చి గాని కాదు. ఇక ఈ ఊరిలో బాతులను కాల్చెడి ఆటను ఎవ్వరును ఆడజాలరు గదా యని.

ఇది అతిశయోక్తి గాదు. జపానుదేశపు నింటెండో సంస్థ 1984లో వెలువరించిన డక్ హంట్ అను ఆ ఆటలో పిల్లవాడు చేతబట్టెడి ప్లాస్టికు తుపాకి నుండి ఏ కిరణమును వెలువడదు. అది కాల్చునది కాదు, చూచునది. మీట నొక్కిన క్షణమున తెర యంతయు నల్లబడి, మరుక్షణమున బాతు ఉన్న చోట తెల్లని చదరమొకటి మెఱయును. గొట్టములోని చిన్న కాంతిగ్రాహకము ఆ తెలుపును పసిగట్టినచో బాతు పడినట్లు, లేనిచో తప్పినట్లు. ఈ లెక్క యంతయు ట్యూబు టీవీ బొమ్మను ఆలస్యము లేక గీతగీతగా పైనుండి క్రిందికి గీయుటపై నాధారపడియున్నది. ఇప్పటి పలుచని టీవీలు బొమ్మను ఒక రవ్వంత సేపు తమలో నిలుపుకొని తీర్చిదిద్ది తరువాత చూపును. ఆ రవ్వంతలో తుపాకి గుడ్డిదైపోవును. తక్కిన పాత ఆటలు ఏదో యొక రూపమున సెల్‌ఫోనులలోనికి చేరినవి. ఆ ప్లాస్టికు తుపాకి మాత్రము, గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకొన్నవారి యింట సైతము, ఇప్పటి తెరముందు ఏమియు చేయలేక పడియున్నది.

ఆ తలపుతోడనే ఒక బ్రతుకు తీరంతయు నా మనస్సున మెదలినది.

* * *

అనంతపురములో బడుల చుట్టుపట్లను బస్టాండు వెనుకను, గుంతకల్లున రైల్వే క్వార్టర్ల ప్రక్క వీధులలోను, ధర్మవరమున మగ్గముల చప్పుడు వినవచ్చెడి సందులలోను, తాడిపత్రి, హిందూపురము, కదిరి పట్టణములలోను ఒకానొక కాలమున వీడియోగేము అంగళ్లు వెలసియుండెను. అంగడి యనుట పేరునకే గాని అది చాలవరకు ఎవరింటిదో ముందరి గది. వెలుతురు తెరపై పడకుండ వాకిలికి పాత దుప్పటి యొకటి అడ్డముగా వ్రేలాడెడిది. లోపల తాడిపత్రి బండలు పరచిన నేల; గోడవార నొక బల్ల; బల్లపై రెండు టీవీలు, ధనవంతుని అంగడియైనచో మూడు. సాలిడేర్, డయనోరా వంటి నలుపు తెలుపు పెట్టెలే తొలుత ఉండెడివి. మారియో టోపి ఎఱ్ఱనిదని రంగుల టీవీ వచ్చిన పిమ్మటగాని మాలో అనేకులకు తెలియలేదు. యజమాని ప్రక్కన గోడకు వ్రేలాడెడి పలకపై సుద్దముక్కతో పేర్లును, కూర్చుండిన వేళయు, లేవవలసిన వేళయు వ్రాయబడియుండెడివి. అర్ధగంటకు రెండు రూపాయలు. ఇద్దరు కలిసి ఆడినచో మూడు. ఈ రేటు అంగడి నుండి అంగడికి మారుచుండినను, అర్ధగంట యనెడి పొద్దు అంతటను ఒక్కటే, అంతటను అతి స్వల్పమే.

ఆ యంత్రమును మేము వీడియోగేము అనియే యెఱుగుదుము. నింటెండో సంస్థ 1983లో ఫ్యామిలీ కంప్యూటర్ అను పేర స్వదేశమున విడుదల చేసినది దాని మూలరూపము. ఆ అసలు యంత్రము మా ప్రాంతమునకు వచ్చినట్లు నేనెఱుగను. దానికి తైవాను, చైనాలలో పుట్టిన అనుకరణములే సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ మొదలగు పేర్లతో మా యిండ్లకును అంగళ్లకును చేరినవి. మా జిల్లా మొగము ఎప్పుడును బెంగుళూరు వైపే. రాత్రి బస్సెక్కినవాడు తెల్లవారకముందే మెజెస్టిక్‌లో దిగి, నేషనల్ మార్కెట్టులోను ఎస్పీ రోడ్డులోను తిరిగి, మరునాటికి సంచినిండ క్యాసెట్టులతో వచ్చెడివాడు. ఆటను తనయం దిముడ్చుకొన్న ఆ నలుచదరపు ప్లాస్టికు పెట్టెకు మేము పెట్టుకొన్న పేరు క్యాసెట్టు. చేతిలోని మీటల పలకకు పేరు రిమోటు. కొత్త క్యాసెట్టు వచ్చినదన్న మాట పాతవూరిలో పుట్టి సాయంత్రమునకు కమలానగరు చేరెడిది.

క్యాసెట్టును యంత్రమున దిగవేయుట యొక క్రతువు. తెరపై బూడిదరంగు గీతలు తప్ప మఱేమియు రానప్పుడు, దానిని పైకిలాగి, అడుగున కనబడెడి రాగిపళ్లపై పెదవులానించి ఈ చివరి నుండి ఆ చివరికి ఒక్క ఊపిరిలో ఊదవలెను. పిమ్మట మెల్లగా దింపి, ఒక ప్రక్కకు ఒకింత వంచి నొక్కవలెను. ఊపిరిలోని తేమ ఆ పళ్లకు మేలుకన్న కీడే చేయుననియు, బొమ్మ వచ్చుట ఊదినందువలన గాక మరల దిగవేసినందువలననే యనియు తెలిసినవారు చెప్పుదురు. వైశాఖమాసపు గాలికి ఎఱ్ఱమన్ను ముంగిళ్లు దాటి వంటయింటి వఱకును వచ్చెడి మా ఊళ్లలో ఊదకుండ ఏ వస్తువును వాడుకొనిన అలవాటు మాకు లేదు. టీవీని కలుపుటయు అంత సులభము గాదు. యాంటెన్నా తీగ ఊడదీసి యంత్రపు తీగ తగిలించి, చానెలు త్రిప్పెడి చిన్న చక్రమును గోటితో వెంట్రుకవాసి కదల్చుచు, గరగర ధ్వనిలో నుండి పాట తేటపడు వఱకు వెదకవలెను. మొదట చెవికి పాట చిక్కును. తరువాత కంటికి బొమ్మ.

"అన్నా, ఇంగొక లైఫుండాదన్నా! అది పోతానే లేస్తా!" అని కూర్చున్నవాడు వేడుకొనుటయు, "లెయ్యప్పా, వాడు అప్పట్నించి కాసుకోనుండాడు" అని యజమాని పలుకుటయు, కాచుకొనియున్నవాడు ఏమియు మాటాడక ఒక మోకాలు ముందునకు జరుపుటయు ప్రతి అర్ధగంటకు జరిగెడి ఘట్టము. ఆడువాడొక్కడు, వాని వెనుక నేలపై కూర్చుండి చూచువారు ఎనమండుగురో పదిమందియో. వారిలో అనేకుల జేబులో ఒక్క రూపాయియు ఉండెడిది కాదు. చూచుటకు రుసుము లేదు, వినుటకు అసలే లేదు. ఆ దయ ఆ అంగళ్ల యజమానులందఱియందును ఉండెనని నేను సాక్ష్యము పలుకగలను.

* * *

ఇక ఆ పాటను గూర్చి. ఆ యంత్రమునకు ఐదే గొంతుకలు. చతురస్రాకారపు తరంగములతో పలుకునవి రెండు. మంద్రస్థాయిలో త్రిభుజాకారపు తరంగముతో పలుకునది యొకటి. స్వరమే లేని ఱొదతో తాళము నడుపునది యొకటి. ముందే పట్టియుంచిన చిన్న శబ్దపు తునకలను వినిపించునది ఐదవది. త్రిభుజపు గొంతుక బిగ్గరతనమును హెచ్చుతగ్గులు చేయుటయు సాధ్యము గాదు. అది పలుకును, లేదా ఊరకుండును. రెండు సన్నాయిలు, ఒక శ్రుతి, ఒక డోలు గల పల్లెటూరి మేళమువలె ఈ కొలది పరికరములతోడనే సమస్తమును నడపవలసియుండెను. ఇందునకు తోడు చోటు కఱవు. 1985లో వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటయంతయు, దానిలోని బొమ్మలు, దారులు, శత్రువులు, పాటలు సమస్తమును కలిసి, 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు సెల్‌ఫోనుతో తీసెడి యొక్క ఛాయాచిత్రము దానికి ఎన్నో రెట్లు పెద్దది. కావున స్వరకర్తకు దీర్ఘమైన రచనకు తావు లేదు. ఒకటి రెండు నిమిషములైనను నిండని పాటను కట్టి, అది తుదినుండి మొదటికి అతుకు తెలియకుండ తిరిగివచ్చునట్లును, నూఱవమాఱు విన్నను విసుగు పుట్టనట్లును చేయవలెను. ఇది చిన్న విద్య గాదు. పల్లవిని ఎన్నిమాఱులు తిరిగివచ్చినను తాజాగా నుంచుట యెంత కష్టమో పాడువారికి తెలియును.

మారియో పాటలను కట్టిన కోజీ కోండో 1961లో నగోయాలో జన్మించినవాడు. ఆ ఆటకు పాట కట్టునప్పటికి ఇరువదినాలుగేండ్ల యువకుడు. గడియారపు లెక్క నూఱునకు దిగినంతనే హెచ్చరికగా చిన్న స్వరమొకటి మ్రోగి, అదే పాట ద్రుతగతిలో పరుగెత్తును. అప్పుడు ఆడువాని వ్రేళ్లే గాక, వెనుక కూర్చున్నవారి ఊపిరులు సైతము వేగమందుకొనెడివి.

నేను చాలకాలమునకు గ్రహించిన విశేషమొకటి చెప్పవలెను. గొంతుకలు ఐదే యగుటచే, మారియో గంతు వేసినను, నాణెము గ్రహించినను, ఆ శబ్దమునకు వేఱే చోటు లేదు. పాట పాడుచున్న గొంతుకలలో నొకటి క్షణమాగి తన తావును దానికిచ్చును. అనగా ఆడువాని ప్రతి గంతును పాటలో నొక ఖాళీని త్రవ్వి, ఆ ఖాళీలో తానే స్వరమై పలుకుచుండెను. కావున ఒకే పాట యిద్దరి చేతులలో నొక్కతీరున వినిపింపదు. తొందరపాటువాని పాటలో గంతులు దట్టముగ క్రిక్కిరిసియుండును. నిదానస్థుని పాట విరివిగా సాగును. దుప్పటి తెర కీవల వీధిలో నిలిచియుండియే, లోపల ఆడుచున్నది నేతపనివారి పిల్లవాడా, మిల్లువారి చిన్నవాడా యని ఖచ్చితముగ చెప్పగలిగిన బాలురను నేనెఱుగుదును. అది వారికి ఎవ్వరును నేర్పిన విద్య కాదు. రూపాయి లేక వెలుపల నిలుచుటవలన చెవికి పట్టువడిన జ్ఞానము.

సాహిత్యమున నెంతటివారో సంగీతమునను అంతటివారై, 1974లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము నందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు పుట్టినది మా జిల్లాలోనే. తిరుమల రాగిరేకులపై మాటలును రాగముల పేర్లును మాత్రము నిలిచి, పాడెడి తీరు లుప్తమైపోయిన అన్నమాచార్యుల కీర్తనలకు ఆయన స్వరములు కూర్చి మరల గొంతులకెక్కించినారు. అక్కడ మాట నిలిచి పాట పోయినది. మా అంగళ్లలో పుట్టుకతోడనే మాట లేని పాట యుండెను. పిల్లలు దానికి తమకు తోచిన మాటలు తగిలించి పాడుకొనెడివారు. ఒక్కొక్క వీధికి ఒక్కొక్క సాహిత్యము. అందు అధికభాగము ఇచ్చట వ్రాయదగినది కాకపోయినను, ఛందస్సు తప్పినది మాత్రము లేదు. ఆ మాటలను ఎవ్వరును వ్రాసియుంచలేదు. పాట ప్రపంచమంతట నిలిచియున్నది. మా మాటలే పోయినవి.

* * *

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము కురిసినచో మంచి యేడని యెంచెడి సీమ మాది. పెన్న పేరునకు నది. ఏడాదిలో అధికకాలము ఇసుక. చిత్రావతియు, హగరియు అంతే. ఇట్టి నేలపై పెరిగిన పిల్లవానికి మారియో ఆటలో నీటి యడుగున సాగెడి ఘట్టము ఎట్టిదిగా నుండెనో సముద్రతీరమున పుట్టినవారికి తెలియజెప్పుట కష్టము. రెండవ లోకమున గొట్టమొకటి దూఱినంతనే తెర నీలమగును. అంతవఱకు పరుగెత్తిన బొమ్మ చేతులాడించుచు తేలును. అంతవఱకు చిందులు వేసిన పాట మూడు మాత్రల తిస్రగతిలోనికి దిగి ఊయలలూగును. పాశ్చాత్యులు వాల్ట్జ్ అను నాట్యమున కుపయోగించెడి నడక యది. అక్కడ అడుగిడినంతనే గది యంతయు నిశ్శబ్దమయ్యెడిది. సలహాలు, కేకలు నిలిచిపోయెడివి. ఈత తెలిసినవాడు మాలో లేడు; బావులు ఎండి బోరుగుంతలైన యూళ్లలో ఈత యెక్కడ నేర్తుము? చేపలు తగులకుండ పైకిని క్రిందికిని తేలుటకు మీటను ఎంత మెల్లగా, ఎంత ఎడముగా నొక్కవలెనో మాత్రము మా వ్రేళ్లకు చక్కగ తెలియును.

కొనామీ సంస్థవారి కాంట్రాలో మూడవ ఘట్టము జలపాతము. ఇద్దరు సైనికులు దూకెడి నీటికి ఎదురుగా రాతిమెట్లపై నెగురుచు పైకి పోవలెను. పైవాడు తొందరపడినచో తెర పైకి జరిగి, క్రిందివాడు తెర యడుగు తగిలి చచ్చును. శత్రువు తూటాలకన్న స్నేహితుని తొందర వలననే అక్కడ ఎక్కువమంది చచ్చిరి. అన్నదమ్ములు ఆ జలపాతము వద్ద మాటలు మానుకొని, మంచుఘట్టము చేరునప్పటికి కలిసిపోయెడివారు. ముప్పది ప్రాణముల రహస్యమొకటి ఆ యాటకు కలదు: పైకి పైకి, క్రిందికి క్రిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ. కజుహిసా హషిమోతో అనునాయన 1986లో గ్రేడియస్ అను ఆటను సిద్ధపఱచుచు, దానిని పరీక్షించుటకు తనకే అది కఠినమగుటచే ఈ క్రమమును కల్పించుకొనెనట. ఆయన 2020 ఫిబ్రవరిలో మరణించెను. జపానులో నొకడు తన పని సులువునకై చేసికొన్న యుపాయము, మా కందెడి ఏ పత్రికలోను అచ్చుగాకుండ, ఏ దారిని గుంతకల్లు రైల్వే బడిలోని పిల్లల చెవులకు చేరినదో నాకు నేటికిని ఆశ్చర్యమే.

తొమ్మిదుల వరుసతో పేరు పెట్టుకొన్న పలు ఆటల క్యాసెట్టులలో నిజమునకు పదో ఇరువదో ఆటలే మాటిమాటికి మాఱుపేర్లతో తిరిగివచ్చెడివి. వానిలో నొకదాని తొలితెరపై సముద్రతీరమును, ఎగిరెడి పక్షులును కనబడుచు, విషాదమధురమైన యొక రాగము మ్రోగుచుండెడిది. 1955 నాటి యొక అమెరికా చలనచిత్రపు పాటకు అది యంత్రానుకరణమని పెద్దయైన పిమ్మట తెలిసినది. ఆట యెంచుకొనకుండ ఆ తెర ముందే ఒకటి రెండు నిమిషములు గడపిన పిల్లలు కలరు. డబ్బు పెట్టి కొన్న అర్ధగంటలో నుండి ఆ నిమిషములను వారు బుద్ధిపూర్వకముగనే వ్యయించెడివారు. యజమాని తొందరపెట్టినను వినెడివారు కారు.

* * *

ఆ రూపాయలు ఎక్కడివి? వేసవి సెలవులలో మా పల్లెలయందును పట్టణపు అంచులయందును శెనక్కాయ విత్తనమునకు కాయలు ఒలిపించెడివారు. మృగశిర కార్తె దగ్గఱపడుచుండ, వాన పడినను పడకపోయినను, విత్తనము సిద్ధముగ నుండవలెను. అవ్వలు, కోడండ్రు, పిల్లలు వసారాలలో గుంపుగా కూర్చుండి ఒలిచెడివారు. కొలతకు ఇంత యని కూలి. బొటనవ్రేలి చర్మము తెల్లబడి, పగిలి, మండెడిది. ఆ వ్రేళ్లతోడనే సాయంత్రము రిమోటు మీటలు నొక్కుట. ఆ కూలిలో కొంత యింటికి, కొంత నోటికి, మిగిలినది దుప్పటి వెనుకకు.

వానలు ముఖము చాటుచేసిన యేండ్లలో అంగడి పలకపై పేర్లు తగ్గెడివి. ఇల్లు తాళము వేసి బెంగుళూరునకు కట్టడపు పనులకు పోయిన కుటుంబములలో పిల్లలును పోయెడివారు. కొందఱు తిరిగివచ్చిరి, కొందఱు రాలేదు. వారి పేర ఆడక మిగిలిన నిమిషములు పలక మూలన సుద్దతో వ్రాయబడియే యుండుటను నేను చూచితిని. పది నిమిషములు, పన్నెండు నిమిషములు. యజమాని వానిని చెఱుపలేదు.

ఆ బాకీ నిమిషములు పుట్టుటకు కారణము కరెంటు. పొలములకు త్రీఫేజు ఇచ్చినంతనే చుట్టుప్రక్కల బోరుమోటారులన్నియు ఒక్కమాఱుగా గర్జించును. ఊరిలో వోల్టేజి పడిపోవును. టీవీలో బొమ్మ నాలుగు ప్రక్కల నుండి కుంచించుకొనిపోయి నల్లని చట్రమున చిక్కును. అట్లు కుంచించుకొన్న మారియోను నడపుట నేర్చినవారే మా యూరి నిజమైన ప్రవీణులు. ఒక్కొక్కప్పుడు మొత్తమే పోయెడిది. "కరెంటు పాయె!" అను ఆ కేక వీధియంతయు ఒక్కసారిగా లేచెడిది. ఆ క్యాసెట్టులకు మఱచిపోకుండుట తెలియదు; ఎనిమిదవ లోకమున ద్వారము వఱకు పోయినవాడైనను కరెంటు వచ్చిన పిమ్మట మొదటి లోకపు మొదటి ఇటుక వద్దనే నిలువవలెను. ఏటేట విత్తి, ఏటేట పోగొట్టుకొని, మరల విత్తెడి వారి బిడ్డలకు ఈ న్యాయము వింతగ తోచలేదు.

* * *

పట్టణములలో బిళ్ల వేసి ఆడెడి పెద్ద పెట్టెలును కొంతకాలము వెలిగినవి. క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అను ఆటను ఆ పేర పిలిచినవానిని నేను చూడలేదు. అందలి వీరులలో నొకని పేరున అది మా వారందఱికి ముస్తఫా ఆట. గాడి గల ఇత్తడి బిళ్ల పడినప్పటి టంకారము, ఇనుప కఱ్ఱను గిరగిర త్రిప్పెడి చప్పుడు, అరచేతితో మీటలపై కొట్టెడి దెబ్బ. ఆ పెట్టెల సంగీతము మిక్కిలి సంపన్నమైనది. నా చెవికి మాత్రము అది ఐదు గొంతుకల పాటంతగా అంటలేదు. ముస్తఫా పాటను కూనిరాగము తీయుమన్నచో తీయగలిగినవారు అరుదు, మారియో పాటను తీయలేనివారు అరుదు.

పిమ్మట అంగళ్లు ఎట్లు మూతపడినవో విపులముగ చెప్పనక్కఱలేదు. ఇంటర్నెట్టు సెంటరులు వచ్చినవి. అక్కడ గంటల లెక్కన వైస్ సిటీ ఆడిరి. నోకియా ఫోనులలో పాము ప్రాకినది. 2016 తరువాత డేటా చవుకయై, ప్రతి చేతిలోను ఆటయు, ప్రతి చెవిలోను తీగయు వెలసినవి. దుప్పటి తెర గల గదులలో నేడు ఫోను కవరులు, జెరాక్సు యంత్రములు కలవు.

పోయినదానిని మాత్రమే లెక్కించుట న్యాయము గాదు. ఆ గదులలోనికి ఆడపిల్లలు రాలేదు. రాగూడదని బోర్డు కట్టినవాడు లేడు, కట్టనక్కఱయు లేకపోయెను. నా తోడబుట్టినదియు ఆ పాటలను నావలెనే ఎఱుగును. గోడ ఆవల నుండి వినియు, నేను ఇంటిలో తీసిన కూనిరాగము వినియు ఎఱుగును. ఆ నీలి నీటిని మాత్రము అప్పుడు చూడలేదు. శెనక్కాయలు నాతో సమముగ ఒలిచినది, కూలియు సమముగ తెచ్చినది. ఆ కూలి దుప్పటి వెనుకకు పోవుటకు దారి లేకపోయెను. నేడు ఆమె కుమార్తె తన ఫోనులో తనకిష్టమైన ఆటను తన వేళకు ఆడుకొనుచున్నది. ఏ అన్నకును అర్ధగంట యైనదని చెప్పు అధికారము లేదు. దీనిని లాభము గాదనువానితో నేను ఏకీభవింపను.

నష్టము మాత్రము ఒక్క చోట నాకు స్పష్టముగ కనబడుచున్నది. రూపాయి లేనివాడు సైతము ఆనాడు ఆ సంగీతమునకు శ్రోత. నేడు ఆట చవుకైనది, పాట ఏకాంతమైనది. పదిమంది ఒకే గదిలో ఒకే పాటను, ఒకే ప్రమాదమును, ఒకే క్షణమున అనుభవించుట యనునది తెరయెదుట నేలపై కూర్చుండుటవలననే కలిగినది. చెవిలో తీగ పెట్టుకొన్నవానికి పొరుగువాడు శ్రోత కాజాలడు. వెలుపల నిలిచి లోపలివానిని పాటవలన గుర్తుపట్టిన ఆ చెవులకు ఇప్పుడు పనిలేదు.

అయినను ఆ సంగీతమునకు ప్రపంచమున గౌరవము పెరిగినది. 2021లో టోక్యో ఒలింపిక్ ప్రారంభోత్సవమున ఆయా దేశముల క్రీడాకారులు నడచివచ్చుచుండ వినిపించినవి వీడియోగేముల పాటలే. 2023లో అమెరికాదేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, శాశ్వతముగ కాపాడదగిన ధ్వనిముద్రణల పట్టికలో మారియో పాటను చేర్చినది. వీడియోగేము సంగీతము ఆ పట్టిక కెక్కుట అదే ప్రథమము. ఈ వార్తలు చదివినప్పుడు నాకు కలిగినది సంతోషమొక్కటే కాదు, ఋణభావము కూడ.

ఏలయన, మేము పలకపై వ్రాయించుకొని చెల్లించిన రూపాయలలో ఒక్క పైసయు ఆ పాటలు కట్టినవారికి చేరలేదు. యంత్రము అనుకరణము, క్యాసెట్టు అనుకరణము, ఎన్నియో క్యాసెట్టులలో ఆటకు అసలు పేరే చెఱిపివేయబడియుండగా స్వరకర్త పేరెక్కడ? అంగడి యజమానిని గాని, బెంగుళూరు నుండి సంచి మోసికొని వచ్చినవానిని గాని ఇందుకు నేను నిందింపను. అసలు వెలకు అమ్మినచో ఆ వస్తువు మా జిల్లాకు ఎన్నటికిని వచ్చెడిది కాదు. కాని త్యాగయ్య కీర్తనను ఆయన నామముద్ర లేకుండ పాడుట దోషమని యెంచెడి దేశము మనది. కావున, ఆలస్యముగనైనను, మా వీధులలో ఎవ్వరును పలుకని ఆ పేర్లను ఇచ్చట పలుకుచున్నాను. మారియో పాటలు కట్టినవాడు కోజీ కోండో. మేము జలపాతము నెక్కుచు విన్న కాంట్రా పాటలను ఆ చిన్న యంత్రమునకు కూర్చినవారు హిదెనోరి మాయెజావా, కియోహిరో సాదా.